నరహరి అడిగిన హీటరు

మా పొరుగింటి వడ్ల నరహరి చేసిన తప్పు ఒక్కటే. ఏ హీటరు కొనుక్కోవాలో సర్కారును అడిగాడు.

ఇంకెవరిని అడిగినా ఇంతదాకా వచ్చేది కాదు. నన్నడిగితే నాకు తెలియదని చెప్పి, టీ తాగించి పంపేవాణ్ని. పోస్టుమాస్టరుగా రిటైరైనప్పటి నుంచీ నా చేతిలో ఒకరికి మేలు చేసే అధికారం గానీ కీడు చేసే అధికారం గానీ లేదు.

మా ఊరు నెమలిలొద్ది. మూడువైపులా గుట్టలూ అడవీ. దీపావళి వెళ్లిందంటే చలి వచ్చి ఊళ్లో కాపురం పెడుతుంది, శివరాత్రి దాకా కదలదు. ఆ రోజుల్లో మేము కొబ్బరినూనె సీసాను పొద్దున్నే ఎండలో పెట్టి, తల దువ్వుకోవడం మధ్యాహ్నానికి వాయిదా వేసుకుంటాం.

నరహరి హార్మోనియంలు చేస్తాడు. ఇంటి ముందు గదే అతని వర్క్‌షాపు. చుట్టుపక్కల భజన మండళ్లన్నిటిలోనూ అతని పెట్టెలే పలుకుతాయి. చెక్కలను అతను సరేసుతో అతుకుతాడు. సరేసంటే తోళ్లు ఉడికించి తీసిన బంక. గిన్నెలో కరిగించి వేడివేడిగా పూయాలి. గది కూడా కాస్త వెచ్చగా ఉండాలి, లేకపోతే కుంచె చెక్కను చేరేలోపే బంక గడ్డకడుతుంది. అలా అతికిన హార్మోనియం ఏడాది తిరక్కుండా అతుకు దగ్గర నోరు తెరుస్తుంది, పాట మధ్యలో ఆయాసపడుతుంది.

ఇన్నేళ్లూ ఒక బొగ్గుల కుంపటి ఆ పని చేసిపెట్టింది. కుంపటి పక్కన రంపపు పొట్టు, పొట్టు పక్కన చెక్కలు, చెక్కల పక్కన మొగుడు. ఇదంతా చూసి అతని భార్య యశ్వదకు ఏటా చలికాలం నిద్ర పట్టేది కాదు. ఈ ఏడు మాత్రం ఆమె గట్టిగా పట్టుబట్టింది. కుంపటి పోవాలి, హీటరు రావాలి అంది.

ఆమె పట్టుకు కారణముంది. జిల్లా సంగీత పాఠశాలవాళ్లు మొదటిసారి తమ హార్మోనియంలన్నీ నరహరికే చెప్పారు. శివరాత్రిలోపు ఇస్తే ఇక ఏటా అతనికే. ఇవ్వలేకపోతే పట్నం కంపెనీకి చెప్పుకుంటారు, నరహరి హైదరాబాదులో బావమరిది దగ్గర ప్లైవుడ్డు అల్మారాలు చెయ్యడానికి పోవాలి. ప్లైవుడ్డు పేరు వింటేనే నరహరికి అన్నం సయించేది కాదు. ఈ పని కోసమని, కూలిపోయిన పాత దొరల గడీలోంచి టేకు దూలాలు కొని పలకలుగా కోయించి పెట్టుకున్నాడు. మూడు తరాలుగా కప్పు కింద ఆరిన టేకు అది. కొత్త టేకు ఎంత మంచిదైనా ఎండకొక వంకర, వానకొక వంకర పోతుంది. ఆ పలకలను వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, నాకు కూడా వినిపించేవాడు. నాకేమీ తెలిసేది కాదు, అయినా తల ఊపేవాణ్ని.

జిల్లా కేంద్రంలో కరెంటు సామాన్ల కొట్టుకు వెళ్తే, కొట్టతను నిలబడ్డ చోటే సంగతి తేల్చేశాడు. తీగె ఎర్రగా కనపడే హీటరు వద్దు, పొట్టు అంటుకుంటుంది. గాలి కొట్టేది వద్దు, పొట్టును గదంతా లేపుతుంది. గ్యాసుది అసలే వద్దు, తలుపు మూసిన గదిలో ప్రాణం తీస్తుంది. నూనె నింపి మూసేసిన హీటరు తీసుకో, పడిపోతే దానంతటదే ఆగిపోయేది చూసుకో, దానికి వేరే లైను లాగించుకో, చెక్కలకు దూరంగా పెట్టుకో అన్నాడు. నరహరి సరేనని డబ్బు తియ్యబోతూ, ఎదురుగా ఉన్న కొత్త బోర్డు చూశాడు.

'గృహ కార్యశాలల తాప భద్రతా మండలి. మీ వెచ్చదనం మా బాధ్యత.'

ఎక్కడో ఏదో ఊళ్లో ఎవరి ఇంటి వర్క్‌షాపో కాలిపోతే పుట్టిన మండలి అది. భవనం వచ్చింది, జీపు వచ్చింది, బోర్డు వచ్చింది, పనే ఇంకా రాలేదు. నరహరి లోపలికి అడుగుపెట్టి, 'ఏ హీటర్ కొనుమంటరు సారు? మీరు చెప్పిందే కొంట' అన్నాడు. ఆఫీసులో అందరూ లేచి నిలబడ్డారట. ఆనాడు తనకు జరిగిన మర్యాద పెళ్లినాడు అత్తగారింట్లో కూడా జరగలేదని నరహరి నాతో చెప్పుకుని మురిసిపోయాడు.

మండలి అధికారి కోదండపాణిగారు వారం తిరక్కుండా జీపులో మా ఊరికి వచ్చారు. మనిషి మంచివాడు. కోపం లేదు, లంచం లేదు, తొందర అసలే లేదు. నరహరిని ఆయన పేరుతో పిలవలేదు, లబ్ధిదారు అన్నారు. లబ్ధిదారు కార్యశాలను పరిశీలించి, లబ్ధిదారు కుంపటిని చూసి నిట్టూర్చారు.

"సురక్షితమూ సముచితమూ అయిన తాపక యంత్రాన్ని మండలి నిర్ధారించేవరకు, ఈ కార్యశాలలో ఏ విధమైన తాపనమూ జరుగరాదు. నిర్ధారణ జరగకముందే లబ్ధిదారు వెచ్చబడితే, నిర్ధారణకు అర్థం లేకుండా పోతుంది" అన్నారు.

అంటే హీటరు వచ్చేదాకా కుంపటి వద్దు, కొట్టులోని హీటరూ వద్దు. కుంపటిని జప్తు చేశారు, గదిలో ప్లగ్గుకు కాగితం సీలు వేయమన్నారు. అక్కడ చిన్న చిక్కు వచ్చింది. చలికి ఆఫీసు గమ్ము గడ్డకట్టి కాగితం అంటలేదు. బంట్రోతు మొహమాటపడుతూ నరహరిని కాస్త బంక ఇమ్మని అడిగాడు. నరహరి జీపెక్కిన కుంపటిని దింపించి, రాజేసి, సరేసు కరిగించి, తన ప్లగ్గుకు తానే సీలు అతికించి, కుంపటిని చల్లార్చి మళ్లీ జీపెక్కించాడు. కుంపటితో అతను చేసిన ఆఖరి పని అదే. బాగా అతికిందని కోదండపాణిగారు గోటితో గీకి చూసి మెచ్చుకున్నారు.

హీటరును ఎంపిక చెయ్యడానికి ఒక కమిటీ వేశారు. అగ్నిమాపక అధికారి ఒకరు, కరెంటు ఇంజనీరు ఒకరు, పౌర ప్రతినిధిగా నేను. నాకున్న అర్హత లబ్ధిదారు పక్కింట్లో ఉండటం, ఏ పనీ లేకపోవడం. రెండింటినీ వారు విచారించి రూఢి చేసుకున్నారు.

కమిటీ కోదండపాణిగారి గదిలో కూర్చుంది. గది హాయిగా ఉంది. ఆయన బల్ల కింద ఎర్రటి తీగెల హీటరు ఒకటి వెలుగుతోంది, దాని పక్కనే ఫైళ్ల దొంతర. దాని సంగతి అడగబోయి మానుకున్నాను. ఆఫీసు గృహ కార్యశాల కిందికి రాదు.

మొదట తీగెల హీటరు తెచ్చారు. అది చూడటానికే మంటలా ఉందని అగ్నిమాపక అధికారి తోసిపుచ్చారు. గాలి హీటరు పొట్టును లేపుతుందన్నారు, గ్యాసు హీటరు పేరు చెప్పగానే లేచి కిటికీ తెరిచారు. ఇంతవరకూ కొట్టతను చెప్పినట్టే నడిచింది, నాకు ధైర్యం వచ్చింది. నాలుగోది నూనె హీటరు. కొట్టతను చెప్పింది అదే కదా, నా మనసులో నరహరికి హార్మోనియంలన్నీ అతికిపోయాయి.

అప్పుడు కోదండపాణిగారు అందులో నూనె ఉన్నదని గుర్తించారు. నూనె ఇంధన జాతికి చెందిన ద్రవమనీ, నివాస గృహంలో దాన్ని నిలవ చేయడానికి వేరే శాఖ అనుమతి కావాలనీ, ఆ శాఖ అనుమతివ్వడానికి ముందుగా మన శాఖ అది సురక్షితమని చెప్పాలనీ వివరించారు. చివరికి ఆయనే దారి చూపారు. యంత్రాన్ని తిరస్కరించనక్కర్లేదు, సంస్కరించవచ్చు.

నూనె తీసేశారు. నూనె లేకుండా లోపలి కాయిలు మాడిపోతుందని ఇంజనీరు అంటే కాయిలు తీసేశారు. కాయిలు లేనప్పుడు అంత లావు వైరెందుకని వైరు మార్చి, సెల్‌ఫోన్ చార్జరుకుండేలాంటి సన్నది పెట్టారు. మొత్తం హీటరులో చివరకు ఒక ఎర్రదీపం మిగిలింది. అది కూడా తీసేద్దామని అగ్నిమాపక అధికారి అన్నారు గానీ, లబ్ధిదారుకు నమ్మకం కలిగించేది అదొక్కటేనని కోదండపాణిగారు ఉంచారు.

తర్వాత భద్రతా పరీక్షలు మొదలయ్యాయి. మీద పొట్టు పోశారు, అంటుకోలేదు. గుడ్డ కప్పారు, కాలలేదు. అడ్డంగా పడేశారు, నీళ్లు చల్లారు, అగ్నిమాపక అధికారి తన చెంపను దానికి ఆనించి చాలాసేపు కళ్లు మూసుకున్నారు. ఇంత సురక్షితమైన హీటరును తన సర్వీసులో చూడలేదని చెబుతుంటే ఆయన గొంతు వణికింది.

నేను ఉండబట్టలేక, అది గదిని వేడి చేస్తుందా అని అడిగాను.

"పోస్టుమాస్టరు గారూ, మీ ప్రశ్న సముచితత్వానికి సంబంధించినది. మనమింకా భద్రత దగ్గరే ఉన్నాం. దాన్ని క్షేత్రస్థాయిలో పరీక్షిస్తాం" అన్నారు కోదండపాణిగారు. పౌర ప్రతినిధి హర్షం వ్యక్తం చేసినట్టు రాయించారు.

ఈలోగా నెమలిలొద్దిలో పుష్యమాసం వచ్చింది. నరహరి పెట్టెల పలకలు కోసి, చిత్రిక పట్టి, సాలు సాలుగా పేర్చుకుని కూర్చున్నాడు. అతికే పనే మిగిలింది. వంటింటి పొయ్యి మీద బంక కరిగించి ముందు గదికి పరుగెత్తుకొచ్చేవాడు. గడప దాటేలోపే అది గిన్నెలో బిగుసుకునేది. వంటింట్లోనే అతుకుదామంటే అక్కడ ఇద్దరు నిలబడితే మూడోవాళ్లకు చోటు లేదు. యశ్వద ఒకనాడు మా ఇంటికి వచ్చి, హీటర్ తెమ్మన్న పాపానికి ఉన్న నిప్పు కూడా పోగొట్టుకున్నామని కళ్లు తుడుచుకుంది. పరీక్ష దగ్గరికొచ్చిందని చెప్పాను.

పరీక్ష తెల్లవారుజామున పెట్టారు, అప్పుడే చలి నికరంగా ఉంటుందని. ముందురోజే ఆదేశాలు వచ్చాయి. కార్యశాలలో కాలే స్వభావమున్న వస్తువేదీ ఉండకూడదు. నరహరి గడీ టేకంతా, చిత్రిక పట్టిన పలకలతో సహా, వాకిట్లోకి మోసి కుప్పగా పెట్టాడు. మంచు పడుతుంది, టార్పాలిన్ కప్పుకుంటానన్నాడు. టార్పాలిన్ కూడా కాలే వస్తువేనన్నారు. యశ్వద తన పాత చీరలు కప్పింది. పొద్దున అవి కూడా అభ్యంతరకరమని తీసేయించారు.

జీపు వచ్చింది. కోదండపాణిగారు శాలువ మీద శాలువ కప్పుకుని దిగారు. అగ్నిమాపక అధికారి నీళ్ల బకెట్టు పట్టుకుని దిగారు. సారువాళ్లకు టీ పెట్టాలని యశ్వద పాలకోసం వాడ చివరి బర్రెల కొట్టానికి వెళ్లింది. ప్లగ్గు సీలు తీసి, సంస్కరించిన హీటరును గది మధ్యలో పెట్టి, గోడకు ఉష్ణమాపకం తగిలించారు. లబ్ధిదారును, పౌర ప్రతినిధిని లోపల కూర్చోబెట్టారు. ఫలితం కలుషితం కాకుండా ఇంట్లోకి వెళ్లే తలుపూ, వీధివైపు రేకుతలుపూ మూసి, బయటినుంచి గొళ్లేలు పెట్టారు.

ఎర్రదీపం వెలిగింది. మేమిద్దరం దానికి చేతులు చాపి కూర్చున్నాం. ఉష్ణమాపకం ఆరు దగ్గర ఉంది. నా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. నరహరి మాత్రం దీపం వైపు చూపు తిప్పకుండా, ఇది పనిచేస్తే సాయంత్రానికి మొదటి పెట్టె అతికేస్తానని, గాలితిత్తులు యశ్వద ఇప్పటికే కుట్టి ఉంచిందని చెబుతున్నాడు.

బయట మాటలు వినబడుతున్నాయి. చలికి తాళలేకపోతున్నామని ఎవరో అన్నారు. నిషేధం కార్యశాల లోపలికే గానీ వాకిలికి వర్తించదని కోదండపాణిగారు స్పష్టం చేశారు. గాలి తగలకుండా తలుపు పక్కన వేయమని, నీళ్లతో తాను దగ్గరే ఉంటానని అగ్నిమాపక అధికారి హామీ ఇచ్చారు. ఏం వేయమంటున్నారో నాకు అప్పుడు అర్థం కాలేదు.

కాసేపటికి నా మోకాళ్లకు వెచ్చగా తగిలింది. నేను నమ్మలేదు. ఉష్ణమాపకం చూస్తే తొమ్మిది.

"సారు, గిది వెచ్చగైతున్నదా, నాకే అట్ల అనిపిస్తున్నదా?" అన్నాడు నరహరి.

అవుతోందన్నాను. పదకొండు, పద్నాలుగు. నేను ఆ మండలిని, కమిటీని, కోదండపాణిగారి తెలుగును, అన్నిటినీ క్షమించేశాను. నరహరి నవ్వుతూ లేచి, మూలనున్న బంకగిన్నెను తెచ్చి హీటరు మీద పెట్టాడు. చిన్నపిల్లవాడిలా దాని పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

అలా కూర్చున్నవాడు ఒక్కసారి తల ఎత్తాడు. గాలి పీల్చాడు. మళ్లీ పీల్చాడు. నాకూ వాసన తగిలింది, మంచి వాసన, పాత ఇళ్లలో పెట్టెలు తెరిచినప్పుడు వచ్చేలాంటిది. నరహరి ముఖంలో నవ్వు ఎలా ఉన్నదో అలాగే ఉండిపోయింది గానీ, కళ్లు మారిపోయాయి.

"సారు, గడీ టేకు వాసన" అన్నాడు.

లేచి తలుపు దగ్గరికి పోయాడు. రేకు మీద చెయ్యి వేసి వెనక్కి తీసుకున్నాడు, కాలుతోంది. మోచేత్తో బాదాడు. నేనూ బాదాను, అరిచాను. బయటి నుంచి కోదండపాణిగారు ఎంతో శాంతంగా, పరీక్ష పూర్తికాలేదనీ, మధ్యలో తలుపు తీస్తే లబ్ధిదారే నష్టపోతారనీ అన్నారు. నరహరి ఆ తర్వాత బాదలేదు. గోడకు ఆనుకుని, ఉష్ణమాపకం కేసి చూస్తూ నిలబడ్డాడు. అది పదహారు దాటింది, పద్దెనిమిది దగ్గర ఆగింది. బంక కరగడానికి అది చాలదు, అతకడానికి మాత్రం ఆ వెచ్చదనమే కావాలి.

తలుపు తీశారు. కోదండపాణిగారు లోపలికొచ్చి ఉష్ణమాపకం చూసి, అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. చప్పట్లు మోగాయి. ఎర్రదీపంతో సహా హీటరుకు ఫొటో తీశారు. ఇది మండలి చరిత్రలో మొదటి విజయమనీ, జిల్లాలోని గృహ కార్యశాలలన్నిటికీ ఇదే నమూనా హీటరును పంపిణీ చేస్తామనీ ఆయన అక్కడికక్కడే ప్రకటించారు. ఆనందంతో ఆయన కళ్లు చెమర్చాయి. కొంత పొగవల్ల కూడా కావచ్చు గానీ, పొగ అసలు లేదు.

నరహరి వాళ్ల మధ్యనుంచి వాకిట్లోకి నడిచాడు. కుప్ప ఉన్న చోట తడి నేల మీద చతురస్రంగా పొడి మచ్చ ఒకటి మిగిలింది. తలుపు పక్కన నిప్పులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. జీపు డ్రైవరు చేతులు కాచుకుంటున్నాడు, పాపం అతనికేం తెలుసు.

"కట్టెలు బాగ ఎండినయి పటేలా. ఒక్క అగ్గిపుల్లతోనే అంటుకున్నయి, పొగే రాలే" అన్నాడు మెచ్చుకోలుగా.

నేను కోదండపాణిగారిని పట్టుకుని జరిగింది చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. ప్రమాదకర దహనశీల పదార్థాలు కార్యశాల పరిసరాల నుండి సంపూర్ణంగా తొలగించబడినవని రిపోర్టులో చేరుస్తానన్నారు. అది లబ్ధిదారుకు అనుకూలమైన అంశమేనట. ప్లగ్గు సీలు కూడా ఇక వేయనక్కర్లేదన్నారు. జీపు వెళ్లిపోయింది. కుంపటిని ఆధారంగా ఇంకా కొంతకాలం ఉంచుకోవాలట.

యశ్వద పాలచెంబుతో వచ్చేసరికి వాకిట్లో మేమిద్దరమే ఉన్నాం. ఆమె పొడి మచ్చను చూసింది, నిప్పులను చూసింది. చెంబు అరుగు మీద పెట్టి కూలబడింది.

నరహరి లోపలికి పోయి బంకగిన్నె తెచ్చాడు. రెండు రాళ్లు సర్ది, గిన్నెను నిప్పుల మీద పెట్టాడు. కుంపటి పోయినప్పటి నుంచి అతని పనిగది దగ్గర రాజిన మొదటి నిప్పు అది. బంక మెల్లగా అంచుల దగ్గర మెత్తబడి, తేనె రంగుకు తిరిగి, పొంగు రాకముందే దించేంత హద్దుకు వచ్చింది. కుంచె ముంచి ఎత్తి చూశాడు. ఎక్కడా తెగకుండా సన్నటి ధారగా కారింది.

"చూడున్రి సారు, ఎంత మంచిగ కరిగిందో" అన్నాడు.

అలవాటు ప్రకారం ఎడమచెయ్యి పక్కకు చాపాడు, పలక కోసం. నేను తల తిప్పుకున్నాను.